నడుం కాదు, మోకాళ్లు

"అమ్మా, నడుం కాదు, మోకాళ్లు వంచండి" అంటోంది దివ్యాంగ పిల్లల్ని చూసుకునే మా సెంటర్లో ఈ నెలే చేరిన ఫిజియో. మా ఆయమ్మ నవ్వేసింది. "ఇన్నేండ్లు నేనే లేపిన బిడ్డా, ఇప్పుడు నేర్పుతున్నవా?"

అప్పటిదాకా స్టాఫ్ మీటింగ్ మామూలే. స్పీచ్ థెరపిస్ట్ మెటర్నిటీ లీవు, వ్యాన్ డ్రైవరన్న కూతురికి ఇంజనీరింగ్ సీటు, స్వీట్లు.

తర్వాత నన్ను వీల్‌చైర్లో కూర్చోబెట్టి మంచం మీదికి మార్చడం చూపించారు. కుర్చీ మంచానికి ఆనుకుని కాస్త ఐమూలగా ఉండాలి. రెండు బ్రేకులూ వేయాలి, ఫుట్‌రెస్టులు పక్కకి తీయాలి. మనిషిని ఒంటికి దగ్గరగా పట్టుకుని పాదాలతో తిరగాలి గానీ నడుం మెలితిప్పకూడదు. వీటన్నిటికంటే ముందు, ఏం చేయబోతున్నామో ఆ మనిషికి చెప్పాలి. నాకు చెప్పకుండానే లేపారు, కావాలనే. గుండె జారిపోయింది.

వెల్‌నెస్ అంటే మాకు ఇన్నాళ్లూ గోడ మీద పోస్టరే. నీళ్లు తాగండి, ప్రాణాయామం చేయండి. మంచిదే. కానీ ఎదిగిన కుర్రాడిని ఒక్కరే ఎత్తాలంటే ప్రాణాయామం ఏం చేస్తుంది? రెండో మనిషి కావాలి, లేదా హాయిస్ట్, అంటే మనిషిని ఎత్తే యంత్రం కావాలి. (మనసు బాగోకపోతే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.)

2016 దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కలో సంరక్షకులంటే జీతం తీసుకునే మేమే కాదు, ఇంట్లో చూసుకునే అమ్మానాన్నలు కూడా. వాళ్లకి ఏ మీటింగూ లేదు, రెండో మనిషీ లేడు.

వచ్చే శనివారం పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మలకి కూడా ఇదే చూపిస్తానంది ఫిజియో. ఆయమ్మ అప్పుడే అందరికీ ఫోన్లు మొదలెట్టింది.