‘ఇంటర్ఫియర్ అవ్వకండి’

ఉదయం తొమ్మిదింటికి పడిన మాట రాత్రి పదకొండు దాటినా మింగుడు పడడం లేదు, అందుకే రాస్తున్నాను. కింది వాటా పాప ముప్పావుగంటగా గుక్కపట్టి ఏడుస్తుంటే ఉండబట్టలేక మెట్లు దిగి వెళ్ళి, పాపను భుజాన వేసుకుని వీపు నిమిరాను. పాలు పట్టిన ప్రతిసారీ ఇలా తేన్పు రానిస్తే ఊరుకుంటుందని పాప తల్లితో చెబుతుండగా తండ్రి గదిలోంచి వచ్చి, “ఆంటీ, ప్లీజ్, మీరు ఇంటర్ఫియర్ అవ్వకండి” అన్నాడు. గొంతు పెంచకుండా, మర్యాదగానే అన్నాడు. పాప అప్పటికే తేన్చి నిద్రపోయింది కానీ, ఆ సంతోషం నేను మెట్లెక్కేదాకా కూడా నిలవలేదు.

ఇన్నేళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని కనుక, నాకు ముందు ఆ క్రియ మీదనే కోపం వచ్చింది. నేను చేసింది ఇంటర్వీన్ కావడం, అంటే లాటిన్ మూలం ప్రకారం మధ్యకు రావడం. కోర్టులు, పెద్దమనుషులు, వైద్యులు చేసే పని అది. ఇంటర్ఫియర్ తరువాత ‘ఇన్’ వస్తే ఇతరుల వ్యవహారంలో తలదూర్చడం, ‘విత్’ వస్తే సాగుతున్న పనికి అడ్డుపడడం. ఈ తేడాను నేను ఎన్ని తరగతులకు నల్లబల్ల మీద రాసి చూపించానో లెక్క లేదు. మన వాడుకలో ఆ ‘ఇన్’, ‘విత్’ రెండూ రాలిపోయి ‘అవ్వకండి’ వచ్చి చేరింది. ‘చేయకండి’ అని ఉంటే ఆ పని ఒక్కటే తప్పయ్యేది, ‘అవ్వకండి’ అనడంతో మనిషినే తప్పుపట్టినట్లు తోచింది. వంకాయలు తరుగుతూ ఇదంతా మా వారికి చెబితే, “వదిలెయ్యవే” అని పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నారు. దానితో ఆ కోపం ఇద్దరి మీదకు పాకింది.

సాయంత్రం నిఘంటువు తీసి ఆ మాటనూ, ఇతరుల విషయాల్లో తలదూర్చడాన్ని చెప్పే మరికొన్ని ఇంగ్లీషు మాటలనూ చూశాను. ఇంటర్ఫియర్ అనేది ఒకరినొకరు కొట్టుకోవడమనే పాత ఫ్రెంచి మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. నడుస్తున్న గుర్రం ఒక కాలి గిట్ట రెండో కాలికి తగిలి గాయమైతే గుర్రాలవాళ్ళు ఇప్పటికీ ఆ మాటే అంటారు. జోక్యం చేసుకోవడమనే మెడిల్‌కు మొదట అర్థం కలపడం మాత్రమే, కలగలుపు అనే మెడ్లీ కూడా దాని చుట్టమే. ఇతరుల సంగతులు రహస్యంగా ఆరా తీయడమనే స్నూప్‌కు మూలమైన డచ్చి మాటకు అర్థం దొంగచాటుగా చిరుతిండి తినడం. ఈవ్స్‌డ్రాప్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా చేయి ఆగిపోయింది. అందులోని ఈవ్స్ మన చూరే. చూరునీళ్ళు పడే చోట నిలబడి ఇంట్లో మాటలు వినేవారిని ఆ పేరుతో పిలిచారు. 1769లో అచ్చయిన తన న్యాయవ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో ఇంగ్లీషు న్యాయవేత్త బ్లాక్‌స్టన్, అలా విని కొండేలు అల్లేవారిని ఊరికి పీడగా లెక్కవేశాడు. ఇంగ్లండులో ఆ నేరాన్ని 1967 దాకా చట్టం నుంచి తీసివేయలేదు.

చూరు అనగానే మా నాయనమ్మ కళ్ళముందుకు వచ్చింది. పక్కింట్లో దెబ్బల చప్పుడు వినబడిన రాత్రి ఆవిడ వాళ్ళ చూరు కింద ఒక్క క్షణం నిలబడి, తలుపు తోసుకుని వెళ్ళి, ఆ మనిషి చేతిలోని కర్ర లాక్కుని వచ్చిన సంగతి ఇక్కడ రెండు మూడుసార్లు రాశాను. ఈ రోజూ దాన్నే నా పక్షాన సాక్ష్యంగా రాయాలని కూర్చున్నాను. రాయబోతుంటే, ఇంతవరకూ రాయని రెండో సంగతి అడ్డు వచ్చింది.

మా మేనత్తకు భిలాయి నుంచి మామయ్య రాసే ఇన్లాండ్ ఉత్తరాలను నాయనమ్మ ఎసరు ఆవిరి మీద పట్టి, అతుకు ఊడదీసి, తనకు చదువు రాదు కనుక నాచేత చదివించేది. నాకు తొమ్మిదేళ్ళు; తడబడకుండా చదివితే బెల్లం ముక్క పెట్టేది. వేరే ఇల్లు అద్దెకు చూశానని, మీ అమ్మకు అప్పుడే చెప్పవద్దని మామయ్య రాసినదాన్ని కూడా నేను స్పష్టంగా, అక్షరం పోకుండా చదివాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మ ఆ ఇంటి మాట ఎత్తగానే అత్త ఎర్రబడిన కళ్ళతో చూసింది, ఆవిడ వంక కాదు, నా వంక. భిలాయి వెళ్ళాక అత్త చాలా ఏళ్ళు మా ఇంటికి రాలేదు. నాయనమ్మ మాత్రం కర్ర లాక్కున్న రాత్రికీ, ఉత్తరం విప్పిన మధ్యాహ్నానికీ ఒకటే మాట చెప్పేది: “మనవాళ్ళు కనుక పట్టించుకున్నాను.”

పొద్దుటి నుంచి నేను ఆ అబ్బాయికి క్రియలు దిద్దుతున్నాను. ఏ క్రియ వాడాలో నిర్ణయించే హక్కు పట్టించుకున్నవారిదా, పట్టించుకోబడినవారిదా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఇల్లు, ఆ పాప వాళ్ళవి. భార్యకు చేతకాదని పై వాటా మనిషి వచ్చి చూపించినట్లు అతనికి తోచి ఉండవచ్చు, ఆ అమ్మాయి మొహం కూడా అప్పుడు వాడిపోయిందని ఇప్పుడు గుర్తుకు వస్తున్నది. అయినా తేన్పు రానివ్వడం మంచిదే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఇది రాస్తుండగా పాప మళ్ళీ ఏడ్చింది. నేను లేచి మెట్ల మలుపు దాకా వెళ్ళి, చీకట్లో నిలబడి విన్నాను. ఆ అమ్మాయి వీపు తడుతున్న చప్పుడు వినిపించింది. ఏడుపు ఆగాక పైకి వచ్చి దీపం తీశాను.