నాలుగు స్తంభాల దూరం

పొద్దున నాన్నతో నడకకి వెళ్లాను. నాలుగో కరెంటు స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. "ఎడమ పిక్క పట్టేసిందమ్మా" అంటూ స్తంభానికి ఆనుకుని, వంగి అరచేత్తో పిక్క నొక్కుకున్నాడు. అలవాటు కొద్దీ నేను పది అడుగులు ముందుకి వెళ్లి నిలబడ్డాను. రెండు నిమిషాలకి "పోయింది, పద" అన్నాడు. మళ్లీ నాలుగు స్తంభాలు, మళ్లీ అదే నొప్పి.

మూడు నెలలుగా ఇదే వరస. "కూర్చుంటే బాగానే ఉంటున్నావుగా, వయసు నొప్పులే" అని కొట్టిపారేసింది నేనే. సాయంత్రం నుంచీ ఆ మాటే గుచ్చుకుంటోంది.

సాయంత్రం డాక్టరు నాన్న చేతికీ చీలమండకీ పట్టీ చుట్టి బీపీ చూశారు. రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నులాంటి పరికరం, డాప్లర్‌ని పాదం మీద ఆనిస్తే కుడికాల్లో నాడి టక్కుటక్కుమని తెగినట్టు వినిపించింది. ఎడమకాల్లో మెత్తగా, సాగదీసినట్టు ఒక ఊపిరి చప్పుడు. చేతిలో 140, ఎడమ చీలమండలో 98. భాగిస్తే 0.7. అది 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే కాలి ధమని సన్నబడినట్టేనట.

"మరి కూర్చున్నప్పుడు నొప్పి ఎందుకు రాదండీ?" అని అడిగాను. ఊరికే ఉన్న కండకి కొంచెం రక్తం చాలన్నారు డాక్టరు. పైన ధమనిలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, కింది చిన్న నాళాలు తెరుచుకుని ఆ లోటు పూడుస్తాయి. నడక మొదలెట్టగానే కండ అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది. చిన్న నాళాలు అప్పటికే తెరుచుకుని ఉంటాయి, ఇంకా తెరుచుకోవడానికి చోటుండదు. ఆ అందని రక్తమే పిక్కలో నొప్పి. గుండెలోనూ ఇదే కథ: ధమని వ్యాసం సగమైనా కూర్చున్న మనిషికి ఏమీ తెలియకపోవచ్చు, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంది.

ఇంటికొచ్చాక కాసేపు చదివాను. ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1840ల్లో సన్నటి గాజు గొట్టాల్లోంచి నీళ్లు పంపి ఒక లెక్క తేల్చాడు. ఒత్తిడి మారకుండా గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకి పడిపోతుంది. మన ధమని గాజు గొట్టం కాదు, ఇరుకైన చోటూ పొట్టిదే, కాబట్టి ఒంట్లో అచ్చంగా అలా కుదరదు. అయినా ఆ పదహారు చూసి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

డాక్టరు మందులు రాశారు. సిగరెట్ ఇక ముట్టకూడదని గట్టిగా చెప్పారు. అన్నిటికన్నా నాకు నచ్చింది నడక గురించి చెప్పిందే: నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. నేనైతే నడక మాన్పించేదాన్నే.

పడుకోబోతూ నాన్న అడిగాడు, "రేపూ వస్తావా?" వస్తానన్నాను. "నేనాగినప్పుడు ముందుకెళ్లిపోకమ్మా, పక్కనే ఉండు. నొప్పి తగ్గకముందే తొందరపడి బయల్దేరేస్తున్నాను."