మూడు కనుమల రోజు: లా బాల్మ్ నుంచి ఎలిసబెత్త దాకా

జూలై 9, సాయంత్రం. రిఫ్యూజో ఎలిసబెత్త అనే కొండ బస, 2195 మీటర్లు.

బూట్లు గుమ్మం దగ్గర ఆరుతున్నాయి. ఏడింటికి భోజనం. ఈలోపు ఇవాళ్టి దారి రాసిపెట్టుకోవాలి. రేపటికి గంటలూ మలుపులూ కలిసిపోయి, కొండలు మాత్రమే గుర్తుంటాయి.

ఆల్ప్స్‌లో మోఁ బ్లాఁ శిఖరం చుట్టూ తిరిగే కాలిబాటలో ఇది పొడవైన రోజు. ఫ్రాన్స్‌లో లా బాల్మ్ (1706 మీ.) దగ్గర మొదలు. కోల్ అంటే కనుమ, కొండల మధ్య దాటే చోటు. కోల్ దు బోనోమ్ (2329), క్రువా దు బోనోమ్ (2479) దాటి, అక్కడి నుంచి కోల్ దే ఫూర్ (2665). తర్వాత విల్ దే గ్లాసియే అనే పల్లె (1789) దాకా ఒకే దిగుడు. మళ్ళీ కోల్ ద లా సేన్య (2516) ఎక్కితే ఇటలీ. లెక్కకి కనుమలు నాలుగు, కానీ మొదటి రెండింటి మధ్య తేడా 150 మీటర్లే కాబట్టి ఒంటికి మూడుగానే తెలుస్తాయి. మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం కూడా 1700 మీటర్ల లోపే. అంటే ఇవాళ అంతకన్నా ఎత్తులోనే నడక మొదలైంది.

మొత్తం ఎక్కు సుమారు 1700 మీటర్లు, దిగుడు 1200, దూరం 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇలాంటి రోజుకి జర్మన్ల లెక్క బాగా పనికొస్తుంది. గంటకి 300 మీటర్ల ఎక్కు, 500 మీటర్ల దిగుడు, చదునుగా అయితే 4 కిలోమీటర్లు. ఎత్తుకి పట్టే సమయం, దూరానికి పట్టే సమయం విడివిడిగా కట్టి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. ఇక్కడ ఎత్తుకి 8 గంటలు, దూరానికి 5. కలిపితే పదిన్నర. దారిలో బోర్డుల మీది సమయాలు కూడితే తొమ్మిది గంటలకు దగ్గరగా వస్తాయి, కానీ వాటిలో ఆగడం ఉండదు. ఇవాళ పట్టింది 10 గంటల 5 నిమిషాలు.

బయల్దేరింది 6:15కి. చాలా రెఫ్యూజుల్లో (కొండ బసల్లో) టిఫిన్ ఆరున్నర, ఏడు దాకా పెట్టరు. ముందు రాత్రే అడిగితే రొట్టె, జామ్, ఫ్లాస్కులో వేడి టీ బల్ల మీద పెట్టి ఉంచుతారు. ఆ ముప్పావుగంట ఆదా అయిందంటే మధ్యాహ్నం ఉరుముల వేళకి రెండో లోయలో ఉంటాం. జూలై, ఆగస్టుల్లో ఆల్ప్స్‌లో ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడతాయి.

లా బాల్మ్ పైన ప్లాన్ దే దామ్ అనే చదును దగ్గర పెద్ద రాళ్ళగుట్ట ఉంది. తుఫానులో చిక్కుకుని ఇద్దరు ఆడవాళ్ళు అక్కడ ప్రాణాలు విడిచారని చెబుతారు. ఆ దారిన పోయేవాళ్ళు తలా ఒక రాయి వేస్తారు. అక్కడి నుంచి కనుమ దాకా ఎక్కు నిటారు. ఈ వైపు ఉత్తరం కాబట్టి జూలై మొదటి వారాల్లో కూడా మంచు పలకలు మిగిలి ఉంటాయి. పొద్దున అవి గట్టిగా, గాజులా ఉంటాయి. బూటు అంచుతో రెండు మూడుసార్లు తన్ని మెట్టు చేసుకుని, బరువు నిలిచాకే రెండో కాలు ఎత్తాలి. ఇంతకుముందు నడిచినవాళ్ళ అడుగులు ఉంటే వాటిలోనే నడవాలి. జూన్ చివర్లో వచ్చేవాళ్ళు బూట్లకి తొడిగే చిన్న ముళ్ళ గొలుసులు తెచ్చుకోవాలి. జత అరకిలో కూడా ఉండదు.

బోనోమ్ కనుమ మీద చిన్న చెక్క గుడిసె ఉంది, గాలికి మరుగు. అక్కడే పొరపాటు కూడా పొంచి ఉంటుంది. కనుమ దాటగానే ఎదురుగా కిందికి దిగే బాట ఒకటి పిలుస్తున్నట్టే కనిపిస్తుంది. అది లా జిట్టాజ్ వైపు, బోఫోర్ కొండల్లోకి పోతుంది. మనది ఎడమకి తిరిగి, కొండ పక్కనే రాళ్ళ మీదుగా ఇంకా పైకి. పొగమంచు కమ్మితే దిగే బాటే సహజంగా తోస్తుంది. కనుమ మీద ఆగి, బోర్డు చదివి, దిక్సూచితో ఆగ్నేయం సరిచూసుకుని కదలడం మేలు. ఈ గంట నడకలో ఎక్కు తక్కువే కానీ, తడి బండలు, వాగులు, మంచు నిండిన గండ్లు వరసగా వస్తాయి. వేగం ఆశించకూడదు.

9:20కి క్రువా దు బోనోమ్. ఈ రోజు ఎలా గడవాలో తేలేది ఇక్కడే. రెఫ్యూజ్ కనుమకి కొంచెం కింద, 2443 దగ్గర ఉంది. ఫూర్ బాట మాత్రం పైనే, కనుమ దగ్గరే చీలుతుంది. కాబట్టి నీళ్ళు కావాలంటేనో, వాతావరణం అడగాలంటేనో తప్ప దిగక్కర్లేదు. బాట గుర్తులైన ఎరుపు తెలుపు గీతలు చూసి గుడ్డిగా పోవడం కూడా ఇక్కడ ప్రమాదమే. జీఆర్ 5 అనే మరో పొడవైన కాలిబాటకీ అవే గీతలు. అది దక్షిణంగా జిట్ శిఖరరేఖ మీదుగా వెళ్ళిపోతుంది.

నా లెక్కలో కచ్చితమైన గడువు పదిన్నర. ఆ లోపు ఇక్కడికి చేరి, పడమటి ఆకాశం తేటగా ఉండి, మోకాళ్ళు బాగుంటేనే ఫూర్. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా లే షాపియు అనే పల్లె (1549) వైపు దిగిపోవాలి. అక్కడి నుంచి విల్ దే గ్లాసియేకి వేసవిలో చిన్న బస్సు కూడా నడుస్తుంది. అలా దిగడం ఓడిపోవడం కాదు, అసలు బాట అదే. ఫూర్ మీదుగా పోయేదే అదనపు దారి. మెరుపుకీ ఉరుముకీ మధ్య క్షణాలు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. కానీ 2665 మీటర్ల ఎత్తున ఆ లెక్క కట్టే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఇవాళ ఆకాశం తేట. 10:10కి ఫూర్ మీద ఉన్నాం. పక్కనే ఉత్తర ఫూర్ శిఖరం, 2756 మీటర్లు. పోను రాను అరగంట పైనే. ఉదయం స్పష్టంగా ఉన్న రోజు అక్కడి నుంచి మోఁ బ్లాఁ బాగా కనబడుతుంది. అయినా సేన్య ఎక్కు మిగిలి ఉంది కాబట్టి వదిలేశాం.

ఇక దిగుడు: 876 మీటర్లు, రెండు గంటలు. రోజులో అసలు కష్టం నాకు ఇదే. ఎక్కులో ఆయాసం వస్తే ఆగుతాం, దిగుడులో అలసట తెలియకుండా తొడల్లో చేరుతుంది. పైభాగమంతా నల్లటి పలకరాయి పొడి. ఎండితే చక్రాల్లా దొర్లుతుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. దిగకముందే బూట్ల లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టాలి. లేకపోతే వేళ్ళు ముందుకి కొట్టుకుని గోళ్ళు నల్లబడతాయి. పోల్స్ (నడక కర్రలు) ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడిగించాలి. అడుగులు చిన్నవి, మోకాలు ఎప్పుడూ కొంచెం వంగి ఉండాలి. మంచు మెత్తబడిన చోట మడమ గుచ్చి, బరువు ముందుకి వేసి దిగాలి. భయంతో వెనక్కి వాలితేనే కాలు జారేది.

దిగువన గడ్డి, వాగులు, మేత. వాగు ఎంత తేటగా ఉన్నా పైన పశువులు ఉంటే ఫిల్టర్ లేకుండా తాగకూడదు. ఆవులతో ఇబ్బంది లేదు. గొర్రెల మంద ఉంటే మాత్రం పాతూ అనే తెల్లటి కాపలా కుక్కలు ఉండొచ్చు. పరుగెత్తకూడదు, కర్ర ఎత్తకూడదు. నిలబడి మామూలు గొంతుతో మాట్లాడి, మందకి దూరంగా చుట్టి పోవాలి. విల్ దే గ్లాసియేలో బోఫోర్ జున్ను చేసే పాలశాల ఉంది. పాలు ఈ మేతలోని తారీన్ ఆవులవే. మధ్యాహ్నానికి ఓ ముక్క, రొట్టె. ఉప్పు, కొవ్వు, మాంసకృత్తులు మూడూ అందులోనే. సంచిలో పల్లీపట్టీలు కూడా ఉన్నాయి. ముప్పావుగంటకి ఒకటి చొప్పున, ఆకలి వేయకముందే.

మొత్తే రెఫ్యూజ్ (1870) దగ్గర 45 నిమిషాలు ఆగాం. మేజోళ్ళు విప్పి పాదాలు ఆరబెట్టడానికి ఇదే సరైన చోటు. చర్మం ఎక్కడ వెచ్చగా, ఎర్రగా ఉందో అక్కడ వెంటనే టేపు వేయాలి. బొబ్బ లేచాక వేసేది మందు మాత్రమే. ఇక్కడ నీళ్ళు రెండు లీటర్లు నింపుకోవాలి, పైన నమ్మదగిన కుళాయి లేదు.

సేన్య ఎక్కు 650 మీటర్లు, రెండు గంటలు. వాలు తేలికే, కానీ మధ్యాహ్నం ఎండ సూటిగా పడుతుంది, నీడ లేదు. ఇదే కనుమ అనిపించే గట్లు ఒకటి రెండు వచ్చి మోసం చేస్తాయి. గంటకి 350 మీటర్లకు మించి ఆశపడకుండా, మాట్లాడగలిగే వేగంతో ఎక్కితే మధ్యలో కూలబడక్కర్లేదు. 3:20కి పైన. ఒక్క అడుగుతో ఇటలీ. వేని లోయ మొత్తం కిందికి పరుచుకుని, పైన నోయిర్ ద ప్యూతరే శిఖరం (3773) నల్లని కొమ్ములా కనిపించింది. మాటలు ఆగిపోయాయి. చెమట పట్టిన ఒంటికి ఈ గాలి మంచిది కాదు. ముందు జాకెట్, తర్వాతే ఫోటో.

పాత కాపలా ఇల్లు దాటి గంటలో ఇక్కడికి వచ్చాం. చివర్లో చిన్న నిటారు ఎక్కు ఉంది, దాన్ని లెక్కలో మర్చిపోతే చికాకే. ఆలస్యమయ్యేలా ఉంటే సిగ్నల్ దొరికినచోట రెఫ్యూజ్‌కి ఫోన్ చేయాలి. లేదంటే భోజనం పోతుంది, మనకోసం వెతుకులాట కూడా మొదలవ్వొచ్చు. శాకాహారమైతే బుకింగ్ అప్పుడే చెప్పాలి, ఇక్కడ అందరికీ ఒకే వంట.

రేపు మోఁ ఫావ్ర్ గట్టు మీదుగా కుర్మాయర్. సంచి ఇప్పుడే సర్దాలి. దుప్పటి సంచీ, టార్చి, చెవి బిరడాలు పైన ఉండాలి. తెల్లవారుజామున అందరూ నిద్రపోతుంటే ప్లాస్టిక్ కవర్లు చప్పుడు చేయకూడదు. గంట మోగింది, సూపు వాసన వస్తోంది.