మద్రసాలో విజ్ఞాన బోధన

ఇండోనేషియాలో ముగ్గురు మంత్రులు కలిసి 1975లో ఇచ్చిన ఉత్తర్వు, మద్రసాల పాఠ్యప్రణాళికలో 70 శాతాన్ని మతేతర సాధారణ విషయాలకు కేటాయించి, అక్కడి విద్యార్థులకు విశ్వవిద్యాలయ చదువుకు దారి చూపింది. 1996లో అప్పటి పరిశోధన, సాంకేతిక మంత్రి హబీబీ నాయకత్వంలోని ప్రభుత్వ సాంకేతిక సంస్థ సెర్పాంగ్, గొరొంతాలోలలో నెలకొల్పిన ఇన్సాన్ చెందెకియా పాఠశాలలు తరువాత మతవ్యవహారాల మంత్రిత్వశాఖ కిందికి వచ్చి మద్రసాలయ్యాయి. ఈ ప్రయత్నమంటే నాకెంతో గౌరవం. అయితే ఎంపిక పరీక్షలో నెగ్గినవారికే దక్కుతున్న ఆ పాఠశాలల ప్రయోగశాల వసతులు, సంఖ్యలో ఎంతో ఎక్కువగా ఉన్న ప్రైవేటు మద్రసాలకూ అందాలి. ద్రావణాన్ని చుక్కలుగా వదిలే గాజు గొట్టమైన బ్యూరెట్టు మీటను తన చేత్తో తిప్పి, ఫినాఫ్తలీన్ అనే సూచిక కలిపిన ఆమ్ల ద్రావణం ఒక్క చుక్కతో లేత గులాబీ రంగుకు మారడాన్ని కళ్లారా చూడని విద్యార్థి, ఆమ్ల క్షార తటస్థీకరణ సమీకరణాన్ని ఎంత చక్కగా అప్పజెప్పినా రసాయనశాస్త్రం నేర్చుకున్నట్టు కాదు. కొత్త భవనాలకన్నా ముందు ఉపాధ్యాయులకు ప్రయోగ శిక్షణ, ఏటా రసాయనాలు కొనుక్కోవడానికి నిధులు ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను.