అదనుకు అందే గ్రాంటు

సామూహికంగా సుస్థిర వ్యవసాయం చేసే సంఘాలకు గ్రాంటు ఇస్తామని ఏ సంస్థ ప్రకటించినా, అందరూ మొదట చూసేది ఎంత ఇస్తారన్నది. నేను మాత్రం ఎన్నాళ్లకు ఇస్తారు, ఏ నెలలో ఇస్తారు అన్నవే ముందు వెతుకుతాను. నేను చూసినంతవరకు, మంచి ప్రాజెక్టులు దెబ్బతిన్నది డబ్బు చాలక కంటే, నేలకు పట్టే కాలానికీ గ్రాంటు గడువుకూ పొంతన కుదరకే ఎక్కువ.

చిన్న గ్రాంట్లు సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో ముగుస్తాయి. సేంద్రియ ధ్రువీకరణ అంత తొందరగా రాదు. అమెరికా నిబంధనల ప్రకారం పంట కోతకు ముందు 36 నెలల పాటు ఆ నేలలో నిషేధిత పదార్థాలేవీ వాడి ఉండకూడదు. యూరోపియన్ యూనియన్‌లోనైతే వార్షిక పంటలకు విత్తే ముందు రెండేళ్లు, బహువార్షిక పంటలకు తొలి కోతకు ముందు మూడేళ్ల మార్పిడి కాలం, అంటే సేంద్రియ పద్ధతికి మారే కాలం, గడవాలి. అంటే దిగుబడి తగ్గే అవకాశం ఉండి, సేంద్రియ పంటకు రావలసిన ధర ఇంకా రాని రోజుల్లోనే గ్రాంటు ఆగిపోతుంది. రైతుకు చేయూత అన్నింటికన్నా అవసరమయ్యే రోజులు కూడా అవే.

నేల సంగతి ఇంకా నెమ్మది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలై నేటికీ సాగుతున్న బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో, ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో సేంద్రియ కర్బనం (నేలలో కలిసిన కుళ్లిన ఆకులలములు, ఎరువుల్లోని కర్బనం) దశాబ్దాల తరబడి పెరుగుతూ వచ్చింది. అలాంటి కర్బనాన్ని రెండేళ్లలో ఫలానా శాతం పెంచుతామని దరఖాస్తులో రాసిస్తే, చివరి నివేదిక రాసేటప్పుడు అబద్ధమో సంజాయిషీయో తప్పదు. బయటి నుంచి కొనే ఎరువుల ఖర్చు ఎంత తగ్గింది, వాన నీరు ఎంతసేపట్లో ఇంకుతోంది, ఎన్ని కుటుంబాలు రెండో ఏడాది కూడా కొనసాగాయి వంటివి నిజాయితీగా కొలవగలిగినవి. అవి గొప్పగా వినిపించకపోవచ్చు గానీ, అనుభవమున్న పరిశీలకులు నమ్మేది వాటినే.

విడతల విషయంలోనూ ఇదే చిక్కు. మొదటి విడత లెక్కలు ఆమోదం పొందాకే రెండో విడత విడుదల అవుతుంది కాబట్టి, నివేదిక గడువు విత్తే కాలానికి ముందు పడేలా ఒప్పందంలోనే అడిగి పెట్టించుకోవాలి. లేకపోతే సంఘం అప్పు చేసి విత్తనాలు కొనవలసి వస్తుంది, ఆ వడ్డీని గ్రాంటు నుంచి పెట్టదగిన ఖర్చుగా సాధారణంగా ఒప్పుకోరు. అదను దాటాక వచ్చిన డబ్బుతో యంత్రాలైతే కొనవచ్చు, పంట మాత్రం రాదు. (చాలా సంఘాల దగ్గర ఎవరూ వాడని యంత్రాలు ఎందుకుంటాయో దీన్నిబట్టే కొంత అర్థమవుతుంది.)

దాతల్లోనూ ఈ ఇబ్బందిని గుర్తించినవారున్నారు. ప్రపంచ పర్యావరణ నిధి కింద 1992లో మొదలై, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం నడుపుతూ వచ్చిన చిన్న గ్రాంట్ల పథకంలో ఒక్కో ప్రాజెక్టుకు చాలాకాలం గరిష్ఠ పరిమితి 50,000 డాలర్లు. అయినా దరఖాస్తు తయారీకే విడిగా ఒక చిన్న ప్రణాళికా గ్రాంటు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. ఎంపిక చేసే జాతీయ సంఘంలో ప్రభుత్వేతర సభ్యులదే ఆధిక్యం. అమెరికాలో 1988లో ప్రారంభమైన సుస్థిర వ్యవసాయ పరిశోధన, విద్యా కార్యక్రమంలో రైతులే తమ పొలాల్లో పరిశోధన చేయడానికి గ్రాంట్లు పొందవచ్చు. నిధులు ఎవరికివ్వాలో నిర్ణయించే ప్రాంతీయ మండళ్లలో కూడా రైతులు కూర్చుంటారు. విత్తే కాలమేదో తెలిసినవారు బల్లకు అవతలి వైపు కూడా ఉండటం చిన్న విషయం కాదు.

గ్రాంటుకు తోడు సంఘం పెట్టాల్సిన వాటాగా డబ్బుకు బదులు శ్రమను చూపించవచ్చని చాలా పథకాలు అంటాయి. అది మంచిదే, కానీ ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో పనిరోజునే రిజిస్టరులో ఎక్కకపోతే, తర్వాత కల్పించిన లెక్క ఆడిట్‌లో నిలవదు. ఇంతకంటే లోతైన ప్రశ్న కౌలుదారులది. సొంత భూమి లేనివారు మూడేళ్లు శ్రమించి నేలను బాగుచేశాక, యజమాని ఆ పొలాన్ని వెనక్కి తీసుకుంటే గ్రాంటు ఫలం ఎవరికి దక్కినట్టు? కనీసం ఐదేళ్ల రాతపూర్వక కౌలు ఒప్పందం ఉంటేనే ఆ పొలాన్ని ప్రాజెక్టులో చేర్చాలని నేను వాదిస్తాను. అంత కాలానికి యజమాని ఒప్పుకోని చోట, కౌలుదారు తనతో తీసుకుపోగలిగిన విత్తన నిల్వల మీదా, పశువుల మీదా, నైపుణ్యం మీదా ఖర్చు పెట్టడం మేలు.

బడ్జెట్‌లో అందరూ సిగ్గుపడి వదిలేసే పద్దు సమన్వయకర్త జీతం. సమావేశాలు పిలిచేవారు, తగాదాలు తీర్చేవారు, లెక్కలు రాసేవారు ఉచితంగా చేస్తారని అనుకోవడం వల్ల ఆ పని చివరికి ఒకరిద్దరి మీద, తరచుగా ఆడవారి మీద పడుతుంది. దాన్ని నిర్వహణ ఖర్చుల్లో కలిపి దాచకుండా, ఏ పనికి ఎన్ని రోజులో రాసి నేరుగా అడగడమే మంచిది.

ఇంత చేసినా వాన ఆలస్యం కావచ్చు. అలాంటప్పుడు అదనపు సొమ్ము కోరకుండా గడువు మాత్రమే పొడిగించమని అడిగే వీలు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఆ అభ్యర్థన ప్రాజెక్టు ముగింపు తేదీకి ముందే రాతపూర్వకంగా వెళ్లాలి, మిగిలిన పనీ మిగిలిన సొమ్మూ ఏ పంటకాలంలో ఎలా వాడతారో అందులో చెప్పాలి.