కూతవేటు, రాతివేత

ఆదివారం కదా అని పొద్దున్నే అద్దె ఇల్లు చూడ్డానికి బయల్దేరాం, నేనూ మా పాపా. ప్రకటనలో 'హన్మకొండ బస్టాండుకు స్టోన్స్ త్రో' అని ఇంగ్లిషులో గొప్పగా ఉంది. బస్సు దిగి ఫోన్ చేస్తే ఓనరు "గిక్కడనే సార్, సీదా రాండ్రి" అన్నాడు. ఆ సీదా ఎంతకీ అయిపోదే! రెండు గల్లీలు, ఒక నాలా, ఒక ఫంక్షన్ హాలు దాటాక ఇల్లొచ్చింది. 22 నిమిషాలు, ఫోన్‌లో చూసుకున్నా.

"స్టోన్స్ త్రో అంటే ఏంది నాన్నా?" అంది పాప. రాయి విసిరితే పడేంత దూరం అన్నా. అంతే, గేటు ముందున్న కంకర కుప్పలోంచి ఒక రాయి ఏరుకొని, చెప్పులు విడిచి మరీ బలమంతా పెట్టి విసిరింది. అది నాలుగిళ్ల అవతల ట్రాలీ ఆటో పక్కన పడితే, దాని కింద పడుకున్న కుక్క లేచి మమ్మల్ని ఓసారి చూసి మళ్లీ పడుకుంది. "మరి బస్టాండేది?" అని ఓనరు ముందే అడిగేసింది. ఆయన నవ్వేశాడు, సిగ్గుపడింది నేను.

నిజానికి ఆ మాటకు కొలతంటూ ఏం లేదు, దగ్గరే, నడిచి పోవచ్చు అని చెప్పడానికి వాడతారంతే. చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడికి అంటే ఒప్పుకుంటా. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్‌కు అంటే మాత్రం కుదరదు, పట్టాల మీదే 10 కిలోమీటర్లు.

మనకు కూతవేటు దూరం ఉండనే ఉంది. పేపర్లలో ఎక్కువగా దొంగతనాల వార్తల్లోనే కనిపిస్తుంది పాపం, 'పోలీస్ స్టేషన్‌కు కూతవేటు దూరంలోనే' అని దెప్పుతూ. సాయంత్రం ఎదురింటి ఆంటీకి ఈ కథంతా చెబితే, తెలుగు బైబిల్ తెచ్చి లూకా సువార్తలో యేసు శిష్యుల దగ్గర్నుంచి 'రాతివేత దూరము' వెళ్లి ప్రార్థన చేసుకున్న చోటు చూపించింది. రాతివేత! ఇన్నేళ్లూ ఈ మాట నా కంట పడనే లేదు. అయినా నాకు కూతవేటే నచ్చుతుంది. పరకాల దగ్గర మా ఊళ్లో అమ్మ దర్వాజ కాడ నిలబడి "ఓ అక్కా" అంటే చింతచెట్టు అవతల నుంచి "ఏందే" అని వచ్చేది. రాయేస్తే తిట్లొచ్చేవి.

రాత్రి పాప నోట్సులో 'అవర్ న్యూ హౌస్ ఈజ్ నాట్ ఎ స్టోన్స్ త్రో ఫ్రమ్ ద బస్ స్టాండ్' అని రాసుకుంది. తప్పేం లేదు, కానీ ఆ 'అవర్ న్యూ హౌస్' చూసి ఆగిపోయా. అడ్వాన్సు ఇంకా ఇవ్వనే లేదు.