మాస్టారి మూడు బ్యాంకులు

2024 జులై 30, రాత్రి ఎనిమిదింటికి రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఒకాయన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేయించుకోడానికి నా దగ్గరికి వచ్చారు. "బాబూ, నాది సున్నా రిటర్నే. చిటికెలో అయిపోతుంది."

ఆయన ఆదాయాల లెక్క ట్యాక్స్ శాఖ దగ్గర ఒక్కచోట కనపడే పట్టీ, ఏఐఎస్, తెరిచాను. మూడు బ్యాంకుల డిపాజిట్ల మీద వడ్డీ 2,80,000. మూడింట్లోనూ తనకి ట్యాక్స్ పడదని రాసిచ్చే 15హెచ్ ఫారం ఇచ్చేశారట, అందుకే బ్యాంకులు ముందే కోసే ట్యాక్స్, టీడీఎస్, పైసా లేదు. పెన్షన్ 6,20,000. పెన్షన్ మీద ఇచ్చే తగ్గింపు, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 తీసేసినా కొత్త ట్యాక్స్ పద్ధతిలో సెస్సుతో కలిపి 41,600 కట్టాలి. పాత పద్ధతిలో పెద్దవాళ్లకి వడ్డీ మీద ఇచ్చే 80టీటీబీ తగ్గింపు వేసి చూశాను, ఇంకా ఎక్కువొచ్చింది.

"వడ్డీ చూపించకుండా వేసెయ్యలేవా బాబూ?"

ఈ మాట దగ్గరే నాకు టెన్షన్. కసిరితే మనిషి చిన్నబోతారు, సరే అంటే రేపు నోటీసు ఆయన పేరునే వస్తుంది. స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. కళ్లజోడు సర్దుకుని ఒక్కో బ్యాంకు పేరు మీదా వేలు పెట్టి చదివారు. "అన్నీ కలిపి చూస్తారా వీళ్లు!"

అరవై దాటి, వ్యాపారం లేనివాళ్లకి ఏడాది మధ్యలోనే కట్టే అడ్వాన్స్ ట్యాక్స్ అక్కర్లేదు కాబట్టి, ముందే కట్టలేదని ట్యాక్స్ పైన వడ్డీ పడలేదు. అదొక్కటే శుభవార్త.

మర్నాడు చలానా కట్టారు. రిటర్ను ఖరారు చేసే ఇ-వెరిఫై ఓటీపీ మాత్రం హైదరాబాద్‌లో కొడుకు ఫోన్‌కి పోయింది. ఆ అబ్బాయేమో మీటింగ్‌లో.